గంప కింద కోడి

పెట్టె మూత తీయగానే ఎండిన వేపాకు వాసన వచ్చింది. దాని వెనకే తుమ్మ జిగురు వాసన, ఆ తరువాత పాత చెక్క వాసన. ఈ మూడూ ఎప్పుడూ ఇదే వరుసలో వస్తాయి. ఏటా ఒకసారి పాత ఆకు దులిపి కొత్త ఆకు వేస్తాను కాబట్టి లోపలి అట్టలకు ఇంతవరకు పురుగు పట్టలేదు. ఈ రోజు మూత తీసింది ఆకు మార్చడానికే కాదు. నా కొడుకు కూతురు చిన్నికి ఐదో ఏడు వచ్చింది. మా ఇంట్లో ఏ బిడ్డకైనా ఐదో ఏడు రాగానే ఈ పెట్టె తీస్తాను. కొత్తలో నా కోడలు ఇదేదో మా ఇంటి పూజ అనుకుని పువ్వులు తెచ్చింది. పూజ కాదు, పరీక్ష అని చెప్పి పువ్వులు వాడిపోకముందే తలలో పెట్టుకోమన్నాను. ఈ పరీక్ష నాకు నేర్పిన మనిషిని గురించి రాసిపెట్టమని అడిగింది కూడా కోడలే. మూడో తరగతితో బడి మానినదాన్ని. రాయడం ఆలస్యమవుతుంది కానీ రాయలేనిదేమీ కాదు.

పెట్టెలో ఉన్నదాని అసలు పేరు స్టీరియోస్కోపు అని నా కొడుకు ఫోనులో వెతికి చెప్పాడు. మా తనకల్లులో అందరూ దాన్ని బొమ్మల దుర్భిణి అనేవారు. చేత్తో పట్టుకోవడానికి ఒక చెక్క పిడి. పిడి మీద పొడుగాటి బద్ద. బద్దకు ఒక చివర కళ్ళకు ఆనించుకునే రేకు తొడుగు, తొడుగు అంచున ముఖమలు గుడ్డ, లోపల రెండు అద్దాలు. రెండో చివర అట్టను నిలబెట్టే తీగలు. ఆ అట్ట మీద ఒకే ఫోటో పక్కపక్కన రెండుసార్లు అంటించి ఉంటుంది. ఉత్త కళ్ళతో చూస్తే రెంటికీ తేడా తెలియదు. నిజానికి ఒకటి ఎడమ కన్ను చూసినట్టు, ఒకటి కుడి కన్ను చూసినట్టు తీసినవి. అద్దాల్లోంచి చూసినప్పుడు రెండూ కలిసి ఒకటైపోతాయి. అప్పుడు బొమ్మలోని చెట్టు ముందుకు వస్తుంది, గుట్ట వెనక్కి పోతుంది, రెంటి నడుమ మనిషి నడిచిపోయేంత చోటు కనబడుతుంది. మొదటిసారి చూసినవాళ్ళు తల పక్కకు తీసి అట్ట వెనక ఏముందోనని వెతుకుతారు. నేనూ వెతికాను.

అది ఖాసింబీది. మా పక్కింటామె. వీధంతా బీబమ్మ అనేది, నేను అక్కా అనేదాన్ని. ఆమె తండ్రి గుంతకల్లులో రైలు బంగళాలో వంటవాడుగా ఉండేవాడట. అక్కడి దొర ఊరు విడిచి పోతూ సామాను తగ్గించుకునే తొందరలో ఆ దుర్భిణినీ, కొన్ని పరదేశపు అట్టలనూ ఆయనకు ఇచ్చిపోయాడు. ఆమె భర్త కదిరిలో ఫోటోలు తీసేవాడు. ఆయన పోయాక ఆమె మడతల తోలు తిత్తి ఉన్న ఆయన కెమెరాను నెత్తిన పెట్టుకుని తనకల్లుకు వచ్చేసింది. మగవాడి ముందు కూర్చోవడానికి సిగ్గుపడే ఆడవాళ్ళు చుట్టుపక్కల ఊళ్ళలో బోలెడుమంది ఉండేవారు కాబట్టి ఆమెకు పని ఉండేది. సన్నటి మనిషి. తక్కువ మాట్లాడేది. నవ్వు వస్తే ముక్కుతో నవ్వేది.

పీర్ల పండుగకు ఆమె దుర్భిణిని అరుగు మీద పెట్టేది. చూసినవాళ్ళు దోసెడు చెనక్కాయలో రాగులో ఆమె గంపలో పోసి పోయేవారు. దొర ఇచ్చిన అట్టల్లో పెద్ద మేడలు, మంచు కొండలు, ఏనుగంత రైలింజను ఉండేవి. మా ఆడవాళ్ళు అడిగేది మాత్రం ఒకటే అట్ట, ఏదో దేశంలో కొండ మీది నుంచి నీళ్ళు పడే అట్ట. ఒక్కొక్కరు దాన్ని కళ్ళకు ఆనించుకుని ఎంతసేపటికీ వదిలేవారు కాదు. ఒకామె నీళ్ళు పట్టేటట్టు చెయ్యి చాచింది కూడా. వెనక నిలబడినవాళ్ళు నవ్వారు. బీబమ్మ నవ్వలేదు. "చూడనీండి. మనూర్లో యాడ చూస్తాది" అంది. ఆ సంవత్సరం చెనక్కాయ పంట పోయింది. నా భర్త కట్టడం పనికి బెంగళూరు వెళ్ళాడు. నేను నా కూతురు పద్మతో ఇంటి దగ్గర ఉండిపోయాను. పద్మకు అప్పుడు ఐదేళ్ళు.

పొలంలో పని లేని రోజుల్లో బీబమ్మ దగ్గర అట్టలు అంటించే పనికి వెళ్ళేదాన్ని. ఆమె సొంతంగా జంట ఫోటోలు తీయడం మొదలుపెట్టింది. అందుకు వేరే కెమెరా ఏమీ కొనలేదు, ఆ సంగతి నాకు నచ్చింది. ఒక పలక మీద రెండు మేకులు కొట్టుకుంది. కెమెరాను మొదటి మేకుకు ఆనించి ఒకసారి, రెండో మేకు దాకా జరిపి ఇంకోసారి తీసేది. మేకుల మధ్య ఎడం ఆమె రెండు కనుపాపల మధ్య ఎడమంత. కూర్చున్న మనిషి ఆ రెండింటి నడుమ కదలకూడదు. కదిలితే ఆ మనిషికి రెండు ముక్కులు వస్తాయి. బెంగళూరికి పనికి పోయేవాళ్ళు పోయేముందు బిడ్డను ఒళ్ళో పెట్టుకుని జంట ఫోటో తీయించుకునేవారు. ఉత్త ఫోటో గోడకు ఉంటుంది, ఇది బీబమ్మ ఇంటికి వచ్చి చూసుకోవాలి. అయినా దీన్నే అడిగేవారు. ఇందులో మనిషికి లావు ఉంటుంది, ఒళ్ళో బిడ్డకు బరువు ఉన్నట్టు తెలుస్తుంది.

ఫోటోలు కడిగి ఆరబెట్టాక ఎడమది ఏదో కుడిది ఏదో తెలియడానికి ఎడమదాని వెనక ఆమె బొగ్గుతో ఒక గీత పెట్టేది. నేను తుమ్మ జిగురు రాసి అట్టకు అంటించాలి. ఒకరోజు ఊరి బయట ఎండిపోయిన దిగుడుబావి ఫోటోలు అంటించమని ఇచ్చింది. వెనక మసి ఉంటే జిగురు సరిగా పట్టదని, నాకు అలవాటైన శుభ్రంతో, తడిగుడ్డ పెట్టి రెంటినీ తుడిచేశాను. గీత పోయింది. రెండూ ఒకటే కదా అని తోచినట్టు అంటించేశాను. సాయంత్రం బీబమ్మ దాన్ని దుర్భిణిలో పెట్టి చూసి ముక్కుతో నవ్వింది. నన్ను చూడమంది. చూస్తే బావి లోపలికి దిగడం లేదు, మన మీదికి లేస్తోంది. మెట్లు గోపురంలాగా పైకి వస్తున్నాయి. అడుగున ఉండాల్సిన రాయి నా ముక్కు దగ్గర ఉంది. ఎడమా కుడీ తారుమారైతే గుంత గుట్ట అవుతుందని ఆ రోజు తెలిసింది. ఇంత తప్పు అట్ట అయితే చింపేద్దామా అని అడిగాను. ఉంచమంది. పారేయడం నాకూ ఇష్టం లేదు.

పద్మ అక్కడే రాలిన కాగితం ముక్కలతో ఆడుకుంటోంది. బీబమ్మ నవ్వించడానికని దాన్ని పిలిచి బావి ఎట్లుందో చెప్పమంది. పద్మ దుర్భిణి కళ్ళకు ఆనించుకుని, బాగుండాది అంది. లోపలికి పోతాందా, పైకి వస్తాందా అని అడిగితే, బావి అంది. బీబమ్మ ఆ అట్ట తీసి నీళ్ళు పడే అట్ట పెట్టింది. బాగుండాది. రైలింజను పెట్టింది. బాగుండాది. ఇంజను నీ మీదికి వస్తాందా అంటే, రాదు, కాగితంలో ఉండాది కదా అంది. బీబమ్మ నవ్వు ఆపేసింది. ఆమే పద్మ కుడి కంటిని అరచేత్తో మూసి, తన రెండో చేతి వేళ్ళు ఎన్నో చెప్పమంది. పద్మ ఆ అరచేతిని తోసేసింది. మళ్ళీ మూస్తే మళ్ళీ తోసేసి ఏడుపు మొదలుపెట్టింది. ఎడమ కంటిని మూస్తే ఏమీ అనలేదు, కదలకుండా కూర్చుంది.

"వోబులమ్మా, ఈ బిడ్డికి ఎడమ కన్ను చూడల్యా" అంది బీబమ్మ.

నేను నమ్మలేదు. కన్ను చూడ్డానికి బాగానే ఉంది. పువ్వు లేదు, మెల్ల లేదు, ఎరుపు లేదు. పద్మ చెంబులో నీళ్ళు పోస్తే సగం బయట పోసేది, గడప తగిలి పడేది, బంతి వేస్తే పట్టుకునేది కాదు. అది పరాకు అని నేను లెక్కవేసుకుని ఉన్నాను. పరాకుకు మందు ఏమిటో నాకు తెలుసు, ఇస్తూనే ఉన్నాను. దీనికి బస్సెక్కి అనంతపురం పోవడం, అక్కడ పడిగాపులు, అద్దాలు, ఇవన్నీ ఎందుకని అన్నాను. ఒక కన్ను బాగుంది కదా, చాలామందికి ఒక కన్నుతోనే జరుగుతోంది కదా అని కూడా అన్నాను. బీబమ్మ నాతో వాదించలేదు. మా ఇంట్లో నూనె ఉందా అని అడిగింది. ఉంది. గానుగ నుంచి అప్పుడే తెచ్చిన చెనక్కాయ నూనె, డబ్బాతో. డబ్బా, మూతి సన్నటి సీసా తెమ్మంది.

సీసాను నేల మీద పెట్టి నా ఎడమ కంటికి గుడ్డ కట్టింది. సీసాను చేత్తో ముట్టకుండా, డబ్బా దానికి ఆనించకుండా పైనుంచి పోయమంది. నీ నూనెతో చెయ్యరాదా అక్కా అన్నాను. "నా నూనె పోతే నీకేం నొప్పి పుడతాది" అంది. పెళ్ళైనప్పటి నుంచి రోజూ చేసే పని. చుక్క పోకుండా పోస్తానని పేరు నాకు. డబ్బా వంచాను. ధార సీసా మూతికి అవతల నేల మీద పడింది. సర్దుకుని ఇవతలికి తెచ్చాను. ఈసారి ఇవతల పడింది. నేల మీద నూనె పారి గచ్చు పగులులోకి దిగిపోయింది. నేను గుడ్డ పీకేసి కొంగుతో అద్దడం మొదలుపెట్టాను. బీబమ్మ నా పక్కన కూర్చుంది.

"ఒక కన్ను చూసేది వట్టి బొమ్మనే. ఎంత దూరంలో ఉండాదో రెండో కన్ను వచ్చి చెప్పల్ల. నీకు ఇంతసేపు. బిడ్డికి పుట్టినప్పటి నుంచి ఇంతే. నువ్వు దాన్ని కొడతాండావు" అంది.

 మరుసటి రోజు మొదటి బస్సుకు ముగ్గురం అనంతపురం పోయాము.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చాలాసేపు చూసింది. కన్ను చెడిపోలేదని, పని చేయడం మానేసిందని చెప్పింది. కుడి కన్ను బాగా చూస్తుండటంతో మెదడు ఎడమదాన్ని పట్టించుకోవడం మానేసిందట. అద్దాలు పెట్టాలి, రోజూ కొన్ని గంటలు బాగున్న కన్నును మూసి బాగాలేనిదానితో పని చేయించాలి. చిన్నతనంలోనే చేయాలి, ఏడో ఎనిమిదో ఏడు దాటితే చేసినా పెద్దగా ఫలితం ఉండదు అంది. అక్కడ ఒక యంత్రం ఉంది. ఒక కంటికి చిలుక, ఇంకో కంటికి పంజరం చూపిస్తుంది. రెండు కళ్ళూ కలిసి చూస్తే చిలుక పంజరంలో ఉంటుంది. పద్మకు పంజరం ఒక్కటే కనబడింది. పాపను వారానికోసారి తెచ్చి ఈ యంత్రం మీద చూపించగలరా అని డాక్టరమ్మ అడిగింది. నేను బస్సు సంగతి ఆలోచిస్తున్నాను. బీబమ్మ ఆ యంత్రంలోకి ఒకసారి కళ్ళు పెట్టి చూసి, "ఇది మా ఇంట్లో ఉండాదమ్మా" అంది. డాక్టరమ్మకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పాక, ఇంట్లో చేయించండి, నెలకోసారి నాకు చూపించండి అంది.

చిలుక మా ఇంట్లో లేదు. కోడి ఉంది. బీబమ్మ మా కోడికి గింజలు వేసి నిలబెట్టి ఫోటో తీసింది. కోడిని మూసే గంపకు ఇంకో ఫోటో తీసింది. రెంటినీ కత్తిరించి అట్ట మీద ఎడమవైపు కోడి, కుడివైపు గంప అంటించింది. అంటే బలహీనమైన కంటికి కోడి, బాగున్న కంటికి గంప. రెండు కళ్ళూ కలిస్తే కోడి గంప కింద ఉండాలి. ఆమె కత్తిరింపు చూసి, కోడి గంప కన్నా పొడుగుంది అక్కా, తోక కత్తిరించు అన్నాను. ఉండనీ అంది. అంత నేర్పున్న మనిషి ఇంత మొరటుగా ఎందుకు చేసిందో అనుకున్నాను.

అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం పద్మ కుడి కంటికి గుడ్డ కట్టి బీబమ్మ ఇంట్లో కూర్చోబెట్టేవాళ్ళం. బీబమ్మ రాగుల్లో మట్టిబెడ్డలు ఏరమనేది. సూదికి దారం ఎక్కించమనేది. పద్మ ఏడ్చేది, గుడ్డ పీకేది, గుడ్డ కట్టుకుని పోయి గోడకు కొట్టుకునేది. నేను కఠినంగా ఉన్నాను, అది నాకు చేతనయ్యే పని. చివర్లో గుడ్డ విప్పి దుర్భిణిలో కోడి అట్ట చూపించేవాళ్ళం. కోడి గంప కిందికి వచ్చిందా అని బీబమ్మ అడిగేది. గంప ఒక్కటే ఉండాది అని పద్మ చెప్పేది. చాలా రోజులు అదే ప్రశ్న, అదే జవాబు. తరువాత ఒకరోజు, కోడి వచ్చింది, గంప పోయింది అంది. ఆ మాటకు బీబమ్మ కాస్త సంతోషపడినట్టు ఉంది. ఎడమ కన్ను లేచింది అంది. ఇంకో నెలకు పద్మ, రెండూ కనబడుతున్నాయని, కానీ కోడి యాడనో దూరంగా ఉందని చెప్పింది.

పద్మ తెలివైనదే. కోడి గంప కిందికి పోతే ఈ గుడ్డా, ఈ రాగులూ ఉండవని దానికి అర్థమైంది. ఒక మధ్యాహ్నం దుర్భిణి కళ్ళకు పెట్టుకోగానే, పోయింది, కోడి గంప కిందికి పోయింది అంది. నేను చేతిలో పని పక్కన పెట్టాను. బెంగళూరికి ఉత్తరం రాయాలని కూడా అనుకున్నాను. బీబమ్మ మాత్రం సరే అని, దుర్భిణి తీసుకుని, అట్ట సర్దుతున్నట్టు సర్ది మళ్ళీ ఇచ్చింది. ఇప్పుడు చూడు అంది. ఇప్పుడూ గంప కిందనే ఉండాది అంది పద్మ. ఏది అని అడిగింది బీబమ్మ. కోడి అంది. బీబమ్మ అట్ట బయటికి తీసి మా ఇద్దరికీ చూపించింది. గంప పక్కన ఉన్నది కోడి కాదు, పిల్లి. మా వీధి పిల్లిని ఎప్పుడు ఫోటో తీసిందో, ఎప్పుడు అంటించి దాచిందో నాకు తెలియదు.

"గంప కింద పిల్లి ఉండాది పాపా. ఇంక నీ కోడి మిగిలినట్లే" అంది.

నేను పద్మ వీపు మీద ఒకటి వేయబోయాను. బీబమ్మ నా చెయ్యి పట్టుకుంది. అబద్ధం చెప్పిందని కొడితే రేపు ఇంకా బాగా చెప్తాది అంది. ఆ తరువాత గుడ్డ కట్టే సమయం ఇంకాస్త పెంచింది. అంతే శిక్ష.

ఎండలు ముదిరాయి. నా భర్త వచ్చి, అద్దాలు పెట్టుకున్న కూతుర్ని చూసి మళ్ళీ వెళ్ళాడు. డాక్టరమ్మ నెలకోసారి చూసి, కొనసాగించండి అనేది. పద్మకు ఆరు దాటి ఏడు దగ్గరపడుతోంది. నేను రోజులు లెక్కపెట్టడం మానేశాను, లెక్కపెడితే కోపం వస్తోంది. పక్క వీధి ఆడవాళ్ళు, ఇంత మధ్యాహ్నం పని చెడగొట్టుకుని ఏం చూస్తాండారమ్మే అని ఎగతాళి చేసేవారు. అటువంటి ఒక మధ్యాహ్నం పద్మ దుర్భిణి కళ్ళకు పెట్టుకుని చాలాసేపు దించలేదు. బీబమ్మ ఆ రోజు ప్రశ్న కూడా అడగలేదు. చేటలో ఏదో చెరుగుతోంది. పద్మ తనంతట తానే అంది.

"బీబమ్మా, కోడిని సరిగ్గా మూయలేదు నువ్వు. తోక బయట ఉండాది. పిల్లి పట్టుకుంటాది."

చేట ఆగిపోయింది. బీబమ్మ నా వైపు చూసింది. అప్పుడు నాకు తెలిసింది తోక ఎందుకు కత్తిరించలేదో. గంపా కోడీ ఒకదాని మీద ఒకటి కలిస్తేనే తోక ఎంత బయటికి వస్తుందో తెలుస్తుంది. విడివిడిగా చూసేవాళ్ళకు, కల్పించి చెప్పేవాళ్ళకు ఆ మాట తట్టదు. ఆ ఏడాది పొడుగునా ఆమె తోక మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. నాతో కూడా. బీబమ్మ లేచి పద్మ అద్దాలు తన పైటతో తుడిచి పెట్టి, "రేపు సరిగ్గా మూస్తాలే" అంది. నా కళ్ళు తడిశాయో లేదో నాకు గుర్తు లేదు. ఆ పూట పద్మకు రెండు గుడ్లు ఉడకబెట్టి పెట్టాను. అవి అమ్మే గుడ్లు.

పద్మ ఎడమ కన్ను కుడిదాంతో సమానం కాలేదు, ఇప్పటికీ అద్దాలు పెట్టుకుంటుంది. కానీ రెండు కళ్ళతో చూస్తుంది. కదిరిలో బట్టలు కుడుతుంది, సూదిలో దారం తానే ఎక్కించుకుంటుంది.

చాలా ఏళ్ళ తరువాత, బీబమ్మ నడుము వంగిపోయాక, నేను పెట్టిన ఊరగాయ ఆమెకు ఇవ్వడానికి వెళ్ళాను. ఆమె గిన్నె అందుకోబోయి గిన్నెకు ఇవతల గాలిని పట్టుకుంది.  పాత అట్టలు ఆకు మార్చి పెడదామా అక్కా అని పెట్టె దింపాను. మాటల్లో ఒక అట్ట దుర్భిణిలో పెట్టి చేతికి ఇచ్చాను. ఆమె కళ్ళకు ఆనించుకుని, గంప కోడి, బాగుండాది, నాకేంటికి చూపిస్తావు అంది. తోక ఉందా అని అడిగాను. ఉండాది, యాడికి పోతాది అంది. నేను అట్ట తీసి ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని ఒక కంటి దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసింది.

"నా పిల్లిని నాకే వదిలితివా, వోబులమ్మా" అంది.

కంటికి పొర వచ్చిందని ఆమెకు తెలుసు. చెబితే ఎవరికి భారమని ఊరుకుంది. ఈ వయసులో కోత ఏంటికి, ఒక కన్ను ఉండాది కదా అంది. నూనె డబ్బా తెచ్చేదా అక్కా అని అడిగాను. ముక్కుతో నవ్వింది. తెల్లారి బస్సుకు ఆమెను అనంతపురం తీసుకుపోయాను. పొర తీశారు. తరువాత ఆమె బతికినన్నాళ్ళూ గిన్నె ఇస్తే గిన్నెనే పట్టుకుంది. పోయేముందు పెట్టె నాకు ఇచ్చింది. ఊరికే ఇవ్వలేదు, ఆకు మార్చడం మరవనని మాట తీసుకుంది.

నేను మనుషుల్ని పొగడటం తక్కువ. బీబమ్మను కూడా ఆమె ఉన్నప్పుడు పొగడలేదు. ఆమె వల్ల నాకు పట్టుకున్న అలవాటు ఒకటుంది. ఎవరైనా బాగుంది అంటే నేను అక్కడితో ఆపను. కొడుకు ఫోనులో బాగున్నానంటే తిన్నదేమిటో అడుగుతాను. కోడలు కాన్పుకు పోయి వచ్చి బాగున్నానంటే మెట్లెక్కి చూపించమన్నాను. నన్ను అనుమానపు మనిషి అంటారు. అననీ.

ఈ రోజు చిన్నిని కూర్చోబెట్టి దుర్భిణి చేతికి ఇచ్చాను. ముఖమలు గుడ్డ ఇప్పుడు అంచున నూలుపోగులుగా ఉంది, నుదుటికి గుచ్చుకుంటోందని ముఖం ముడుచుకుంది. ఏముందో చెప్పు అన్నాను. కోడి అంది. ఇంకా అన్నాను. గంప అంది. నేను పని చేసుకుంటున్నట్టు వేపాకు ఏరుతూ కూర్చున్నాను. కోడలు గుమ్మంలో నిలబడి ఉంది, ఆమెకు తోక సంగతి తెలియదు.

"అవ్వా, దీని తోక బయటికొచ్చిండాది. నొప్పి పుట్టదా దానికి?" అంది చిన్ని.

పుట్టదు, దిగి పో అన్నాను. అట్టలు సర్ది, కొత్త ఆకు పరిచి, మూత వేశాను. ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఇక్కడ రాసేశాను కాబట్టి ఆ అట్ట ఇక పరీక్షకు పనికిరాదు. చదివినవాళ్ళు ఎవరో ఒకరు పిల్లలకు చెప్పేస్తారు. పద్మకు కబురు పెట్టాను, వచ్చేటప్పుడు మంచి కత్తెర తెమ్మని. ఇంట్లో పాత అట్ట ఉంది, తుమ్మ జిగురు ఉంది, కొత్తగా కొనాల్సిందేమీ లేదు. ఈసారి గంప కింద ఏది పెడతానో, ఏది బయట వదులుతానో మాత్రం రాయను.